ఎడమ స్పీకరులో చీర

నేను ఫోన్లో గుసగుసలాడతానని, ఎంత పెద్దగా పెట్టుకున్నా నా మాట చెవి దగ్గర దోమ తిరిగినట్టు ఉంటుందని మొన్న చిన్నది విసుక్కుంది. గట్టిగా మాట్లాడితే ఏమవుతుంది అమ్మమ్మా అని అడిగింది. ఏమీ కాదు తల్లీ. తాతయ్య నిద్ర లేస్తారని అలవాటు, అంతే. ఆయన పోయి నాలుగేళ్లయిందని నాకు తెలుసు. నా గొంతుకే ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆ మాటతో స్పీకర్ల సంగతి గుర్తొచ్చింది. హాల్లో టీవీకి అటూ ఇటూ రెండు పెద్ద చెక్క పెట్టెలు ఉంటాయి చూడండి, పోయిన సెలవుల్లో చిన్నోడు ఒకదాని మీదెక్కి కూర్చుంటే నేను కసురుకున్నాను, గుసగుసగానే అనుకోండి, అవి. వాటి విషయంలో నేను చేసిన ఘనకార్యాలు మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియవు. తెలిస్తే నవ్వుతుందని చెప్పలేదు. మీరు నా ఇడ్లీలు చూసి కూడా నవ్వుతారు కాబట్టి మీకు చెబితే కొత్తగా పోయేదేమీ లేదు.

ముందు తాతయ్య చెవి గురించి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

మీ తాతయ్యది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చారు. నాది తగరపువలస. పెళ్లయిన కొత్తలో నేను 'ఏటి' అంటే ఆయన నవ్వేవారు, ఆయన 'ఆయ్' అంటే నేను నవ్వేదాన్ని. ప్లాంటులో ఆయన పని మిల్లులో యంత్రాలు చూడటం. చూడటం అని పేరేగానీ, వినడం. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న యంత్రానికి ఆనించి, పిడిని ఎడమ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవారట. కుడి చేతిలో సుద్దముక్క. లోపల ఏ బేరింగు అరిగిపోతోందో వినిపించగానే అక్కడ సున్నా చుట్టేవారు. విప్పి చూస్తే సరిగ్గా అదే ఉండేది. మీటర్లు పెట్టి కొలిచిన ఇంజనీర్లు కూడా చివరికి ఆయన్నే పిలిచి, ఓసారి మీరు వినండి అనేవారట.

ఈ 'అట'లన్నీ ఆయన నోటి నుంచి విన్నవే. తన గురించి గొప్ప చెప్పుకునే మనిషి కాదు. ఈ ఒక్క విషయం మాత్రం మినహాయింపు. ఇంట్లో కూడా ఫ్యాను తిరిగే చప్పుడు విని దీనికి నూనె పడాలి అనేవారు, కుక్కర్లో ఆవిరి చప్పుడు విని రబ్బరు మార్చు అనేవారు. ఆయన మాట ఎప్పుడూ తప్పేది కాదు, అదే నా ఒళ్ళు మండించేది. చదువు పెద్దగా లేదు, హోదా పెద్దది కాదు. మనిషి తల ఎత్తుకుని తిరిగింది ఆ చెవి మీదే.

స్పీకర్లు కొన్నది తొంభైల మొదట్లో, మీ అమ్మ అయిదో క్లాసులో ఉండగా. వన్ టౌన్లో పోర్టు వైపు సందుల్లో ఒక కొట్టు ఉండేది. ఓడల మీద పనిచేసి దిగినవాళ్ళు తాము తెచ్చుకున్న టేపు రికార్డర్లు, స్పీకర్లు అక్కడ అమ్మేసి పోయేవారు. కొట్టతనే వాటిని బాగుచేసి మళ్ళీ అమ్మేవాడు. తాతయ్య అక్కడున్న పెట్టెలన్నింటినీ కొబ్బరికాయలు చూసినట్టు వేళ్ళతో తట్టి, చెవి పెట్టి, చివరికి ఒక జత ఏరారు. కొట్టతను నా వైపు తిరిగి, "అమ్మా, నాను పదేళ్ళ బట్టి ఇవే అమ్మతన్నాను. ఇన్నింట్లో మంచియి ఈ రెండే. సారుకెలా తెలిసింది?" అని అడిగాడు. తాతయ్య డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. ఇల్లు చేరేదాకా ఆటోలో ఒక పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దాని మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నారు. రెండో పెట్టె నా ఒళ్ళో ఉంది. నాకు తాళం కాదు, కాళ్ళు తిమ్మిరి.

ఇక నా నేరం దగ్గరికి వస్తాను.

ప్లాంటు క్వార్టర్లలో మాకు నెలలో ఒక వారం సి షిఫ్టు ఉండేది. అంటే రాత్రంతా పని, పగలు నిద్ర. ఆ వారం ఇంట్లో ఎవరూ మామూలుగా బతకకూడదు. గేటు గొళ్ళేనికి తువ్వాలు కడితే ఆ ఇంట్లో సి షిఫ్టు మనిషి పడుకున్నాడని లెక్క. పాలవాడు బెల్లు కొట్టడు, పక్కింటావిడ కేక వేయదు. కుక్కరు కూత పెట్టబోతుంటే నేను పరిగెత్తుకెళ్ళి పైన బరువు ఎత్తి పట్టుకునేదాన్ని. మీ అమ్మ ఎక్కాలు పెదవులతో చదివేది. ఒకసారి బళ్ళో పంతులమ్మ కబురు పెట్టింది, పిల్లకు గొంతు సమస్య ఏమైనా ఉందా అని. గొంతు సమస్య కాదు, షిఫ్టు సమస్య అని చెప్పి వచ్చాను. అది కూడా ఆవిడ రెండుసార్లు అడిగి వినాల్సి వచ్చింది.

అంతా చేశాను గానీ, పాటలు మానుకోలేకపోయాను. పాట లేకుండా కూర పోపు పెట్టడం నాకు చేతకాదు. ఎడమ స్పీకరు పడగ్గది గోడకు ఆనుకుని ఉండేది. దానికి వెనక గుప్పెడంత గుండ్రటి రంధ్రం ఉంది, చప్పుడు నిండుగా రావడానికట. నేను ఆలోచించి, ఒక పాత నూలు చీరను సగానికి చింపి, ఉండ చుట్టి ఆ రంధ్రంలో కుక్కాను. గోడ వైపు చప్పుడు అణిగిపోయింది. ఆయన నిద్ర చెడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక పక్క చప్పుడు తగ్గించడానికి పాటలు వేసే టేపు డబ్బా మీదే ఒక మీట ఉందని, పిల్లలు కూడా అదే తిప్పుతారని నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది.

మొదట్లో ఆయన లేచేసరికి చీర తీసేసేదాన్ని. తర్వాత బద్ధకించాను. కొన్నాళ్ళకు, ఏ పూట తోసింది ఎక్కువైందో, చీర జారి పెట్టె లోపలికి పోయింది. చెయ్యి పట్టలేదు. సరే, ఆయనే గుర్తుపట్టి అడుగుతారు, అప్పుడు తిట్లు తింటాను అనుకున్నాను. వారం గడిచింది. నెల గడిచింది. ఆయన ఆదివారం పూట ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, పాటలు వింటూ, ఏం పెట్టెలే ఏం పెట్టెలు అంటూనే ఉన్నారు. మిల్లంతా విని చెప్పే చెవికి ఇంట్లో చీర వినిపించలేదు. నాకు లోలోపల ఎంత సంబరమో. ఆయన ఎవరి దగ్గరైనా తన చెవి గురించి మొదలుపెట్టినప్పుడల్లా నేను ఆ పెట్టె వైపు చూసి, వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చేదాన్ని. అలా ఏళ్ళు నవ్వాను. ఆ నవ్వు సంగతి చివర్లో మళ్ళీ చెబుతాను.

రెండువేల తర్వాత ఆయన రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి సబ్బవరం వైపు ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. పెట్టెలు మాతో వచ్చాయి, లోపల చీరతో సహా. పాత టేపు డబ్బా మూలన పడింది. అప్పుడే అందరి ఇళ్ళలో హోమ్ థియేటర్లు వస్తున్నాయి. ఆయనా స్పీకర్లకు పాట పంపే రిసీవరు ఒకటి కొన్నారు, నల్లగా, బరువుగా, వెనక నిండా తీగల కన్నాలు. దానికి ఐదు చిన్న స్పీకర్లు తగిలించాలి. వాటిని కొట్లోనే తట్టి చూసి, వీటికి ఛాతీ లేదని వదిలేసి వచ్చారు. మన పాత పెట్టెలు రెండూ దీనికే కలుపుదాం అన్నారు.

కలిపాం. పాట వేశాం. వయొలిన్లు వచ్చాయి, తబలా వచ్చింది, పాడేవాళ్ళు రాలేదు. పల్లవి అయిపోయింది, చరణం అయిపోయింది, గొంతు ఎక్కడో పక్క వీధిలో నుంచి వస్తున్నట్టు ఉంది. వన్ టౌన్ కొట్టతనికి ఫోన్ చేశాను. అతను నవ్వి, కొత్త మిషను గొంతునంతా మధ్య పెట్టెకు పంపుతుందమ్మా, మీకు మధ్య పెట్టె లేదు, రెండే పెట్టెలున్నాయని దానికి చెప్పండి అన్నాడు. నేను రిసీవరు వైపు తిరిగి నోరు కూడా తెరిచాను. రిమోటుతో చెప్పాలమ్మా అని అతను వెంటనే అన్నాడు కాబట్టి పరువు దక్కింది. తాతయ్యకు తెర మీద చిన్న అక్షరాలు ఆనవు. అందుకని కళ్ళద్దాలు పెట్టుకుని, అతను చెప్పిన చోటల్లా నొక్కి, మధ్య స్పీకరు లేదు అని నేనే పెట్టాను. గొంతు వచ్చేసింది. పాడే ఆవిడ మా హాల్లో నిలబడ్డట్టే ఉంది.

ఆ రోజు నుంచి నేనొక మెకానిక్కునని నాకు నమ్మకం కుదిరింది. తర్వాత జరిగినదంతా ఆ నమ్మకం చలవే.

నెల తిరక్కుండా తాతయ్య ఒక ఉదయం, "ఎడం పెట్టె మోగట్లేదేంటే?" అన్నారు.

చీర. ఇన్నేళ్ళకు పట్టుకున్నారు. పైకి మాత్రం, సముద్రం గాలికి తీగలు చిలుము పట్టి ఉంటాయి, నేను చూస్తాను మీరు కూర్చోండి అన్నాను. విప్పి చూస్తే తీగల కొసలు నిజంగానే పచ్చబడి ఉన్నాయి. ఇత్తడి చెంబులకు ఏం చేస్తామో వీటికీ అదే చేశాను, చింతపండు పెట్టి తోమాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలో మర్చిపోకుండా ఎరుపు కన్నం పక్కన కుంకుమ బొట్టు పెట్టాను. పెట్టె వెనక ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, పూజ చేశారా అని మీ నాన్న ఒకసారి అడిగాడు కూడా. కళకళలాడిపోయాయి తీగలు. పాట వేశాం. నాకు రెండు పెట్టెలూ వినిపిస్తున్నాయి. ఎడమది కాస్త గొంతు పట్టేసినట్టు ఉంది, అది చీర. మరీ మోగనంత కాదు. ఆయన తల అడ్డంగా ఊపి, "లాభం లేదు. ఎడం పక్క అసలు లేదు. పైగా ఈ పులుసు వాసనేంటి?" అన్నారు.

ఇక చీర తీయక తప్పదని తేల్చుకున్నాను. మర్నాడు ఆయన కూరగాయలకు వెళ్ళగానే పెట్టెను వెనక్కి తిప్పి, నెయ్యి గరిటె లోపలికి పెట్టి, చీర కొసను వంపుతో పట్టి లాగాను. వచ్చింది. జానెడు వచ్చింది. ఆనందంలో పట్టు మార్చుకోబోయాను. చీర లోపలికి పోయింది. దాని వెనకే గరిటె కూడా పోయింది.

పెట్టె ఊపితే ఖంగున మోగుతోంది. గేటు చప్పుడైంది. పెట్టెను గబగబా యథాస్థానంలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయ కోస్తూ కూర్చున్నాను, కళ్ళనీళ్ళకు ఒక కారణం ఉంటుందని.

ఆయన వచ్చి సంచి దించి పాట పెట్టుకున్నారు. తబలా దెబ్బ పడ్డప్పుడల్లా ఎడమ పెట్టెలో గరిటె గలగలమంటోంది. గోడ అవతల నాకే వినిపిస్తోంది. పక్కింట్లో అంట్లు తోముతున్న మనిషి కూడా ఆగి చూసి ఉంటుంది. నేను కత్తిపీట ముందు కూర్చుని, ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని ఎదురుచూశాను. నడిచే యంత్రంలో ఒక బోల్టు వదులైతే పట్టుకున్న మనిషి. పాట అయిపోయింది. ఇంకో పాట వచ్చింది. ఆయన అక్కడి నుంచే, "ఇవాళ కూడా ఎడం పెట్టె మోగట్లేదు. ఆ కొట్టతన్ని రమ్మనాలి" అన్నారు.

మొదట బతికిపోయాననుకున్నాను. ఉల్లిపాయలన్నీ కోసేశాక, ఇంకా ఎందుకు కోస్తున్నానో తెలియక ఆగిపోయాను. అప్పుడు తట్టింది నాకు. పెట్టె కాదు.

హాల్లోకి వెళ్ళి చూశాను. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొనను ఎడమ పెట్టెకు ఆనించి, పిడిని ఎడమ చెవికి ఆనించుకుని, మిల్లులో లాగే కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత పిడిని చెవి నుంచి తీశారు. చెయ్యి కుడి చెవి వైపు సగం దాకా వెళ్ళి ఆగింది. దించేసి, స్క్రూడ్రైవరును గుడ్డతో తుడిచి సొరుగులో పెట్టేశారు. నేను వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయాను. ఆ రోజు మా ఇంట్లో ఉల్లిపాయ కూర, ఉల్లిపాయ పచ్చడి, ఉల్లిపాయ పులుసు.

కొట్టతను రెండు రోజుల తర్వాత వచ్చాడు. అప్పటికి అతనికీ జుట్టు నెరిసింది. సారు చెవి పెట్టి ఏరిన పెట్టెలు కదా, వీటికి రోగం రావడమేటి అంటూనే లోపలికి వచ్చాడు. తాతయ్య కుర్చీ పెట్టెలకు సరిగ్గా మధ్యలో ఉంది. అతను పాట వేసి విన్నాడు. గరిటె గలగలమంది. అతను కనుబొమ్మలెత్తి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

తీగలు రిసీవరు దగ్గర మార్చి పెట్టాడు, ఎడమ తీగ కుడికి, కుడి తీగ ఎడమకు. లోపం రిసీవరులో ఉంటే ఇప్పుడు పక్క మారుతుందమ్మా, మారకపోతే పెట్టెలో ఉన్నట్టు అని నాకు చెప్పాడు. ఏ పక్క మోగట్లేదు సార్ అని అడిగాడు. తాతయ్య కళ్ళు మూసుకుని, ఎడమ అన్నారు.

అయితే పెట్టెలోనే ఉంది అనుకుని, అతను పెట్టెలే మార్చాడు. ఎడమది మోసుకెళ్ళి కుడివైపు పెట్టాడు, కుడిది ఎడమకు తెచ్చాడు. మోస్తుంటే లోపల గరిటె దొర్లింది. నా ప్రాణం కూడా దొర్లింది. మళ్ళీ పాట వేశాడు.

తాతయ్య వెంటనే కళ్ళు తెరిచారు. "కుడి దాంట్లో ఏదో గలగలమంటోందయ్యా. లోపల ఇనుప ముక్కేదో వదులుగా పడుంది. పలచటిది, పొడుగ్గా ఉంది" అన్నారు. ఆ ఒక్క క్షణం ఆయన మొహం మిల్లులో మొహం. సుద్దముక్క కోసం చెయ్యి కూడా కదిలింది.

కొట్టతను, "సారూ, ఇది ఇందాక ఎడమేపున్న పెట్టే కదండీ. అప్పుడూ..." అని మొదలుపెట్టి, తన మాట ఎటు పోతోందో తనకే తెలిసి, అక్కడే ఆగిపోయాడు. తాతయ్య చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది. ఆయన జీవితమంతా చేసిన పని అదే కదా, ఏది మారిస్తే ఏది మారలేదో చూసి తప్పు ఎక్కడుందో తేల్చడం. రిసీవరు కాదు, తీగ కాదు, పెట్టె కాదు. ఇంక మిగిలింది ఒకటే. పాట నడుస్తూనే ఉంది. గరిటె మోగుతూనే ఉంది.

నాకు ఏం చేయాలో తోచలేదు. తోచింది మాత్రం నోట్లోంచి వచ్చేసింది.

"ఆగు బాబూ. అందులో నా సీర ఉంది."

"ఏటమ్మా?"

"సీర. సగం సీర. నానే కుక్కాను, సి షిఫ్టు రోజుల్లో, సారు నిద్ర సెడిపోద్దని. నెయ్యి గరిటి కూడా ఉంది."

తాతయ్య నా వైపు తిరిగారు. "గరిటెందుకే?"

"సీర తియ్యడానికండీ."

కొట్టతను తల వంచుకుని మరలు విప్పడం మొదలుపెట్టాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది. పెట్టె తెరిచి ముందు గరిటె తీసి నా చేతికిచ్చాడు. తర్వాత చీర లాగాడు. అది వస్తూనే ఉంది, నీలం అంచు, మధ్యలో పసుపు మరకలు, ఒక మూల చీమలు పెట్టిన పుట్ట. చుట్టూ మీ అమ్మ చిన్నప్పటి వాసనలాంటిదేదో వచ్చింది. సగం చీర అన్నాను గానీ, మూడొంతులు ఉంది. పెట్టె మూసి, మళ్ళీ పాట వేశాడు.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. చీర తీసింది ఆ సమయానికి కుడివైపున్న పెట్టెలోంచి. ఎడమవైపున్న పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. నా ఒప్పుకోలు వల్ల ఎడమ పక్క బాగుపడటానికి ఏ దారీ లేదు. నేను మెకానిక్కును కదా, ఆ లెక్క నాకు తట్టలేదు. అక్కడున్న మిగతా ఇద్దరికీ తట్టింది.

తాతయ్య కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. తర్వాత మెల్లగా, "ఆఁ. ఇప్పుడు ఎడమది బాగా మోగుతోంది" అన్నారు.

"అవును సారూ. సీర వల్లే" అన్నాడు కొట్టతను.

టీ తాగి వెళ్ళిపోతూ, గేటు దగ్గర ఆగి, ఆయనకు వినబడనంత చిన్నగా నాతో అన్నాడు. "అమ్మా, సారు కుర్సీ ఆ సివర ఎడం గోడకెయ్యండి. అప్పుడు రెండు పెట్టెలూ సారుకి కుడేపే ఉంటాయి." అలా ఆ కుర్చీ అక్కడికి చేరింది. గాలి బాగా వస్తుందని చెప్పి నేనే జరిపాను. ఆ మూలకు గాలి రాదు. ఆయన ఏమీ అడగకుండా వెళ్ళి కూర్చున్నారు, పోయేదాకా అక్కడే కూర్చున్నారు. ప్లాంటులో కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, దాన్ని యంత్రం దగ్గర పెట్టి, వినండి సార్ అనేవారు. ఆయన కుడి చెవికి పెట్టుకుని విని చెప్పేవారు. తప్పేది కాదు.

ఆ తర్వాత లెక్కలు వేసుకోవడం నా వంతు అయింది. చీర కుక్కిన ఏళ్ళన్నీ తలుచుకుని నేను నవ్వుకున్న నవ్వు ఒకటి ఉంది కదా, ఇంత చెవి ఉండీ చీరను పట్టలేకపోయారని. ఆ నవ్వు వెనక్కి తిరిగి నా మీదే పడింది. ఆ చెవికి చీర వినిపించకపోవడం కాదు, అప్పటికే ఆ పక్క ఏదీ వినిపించడం లేదేమో. అంతేకాదు, మీ తాతయ్య ఎప్పుడూ కుడి పక్కకు తిరిగి పడుకునేవారు. మంచి చెవి దిండులో, రెండోది పైకి. అలా పడుకున్న మనిషి పక్కన బ్యాండు మేళం పెట్టినా లేచేవారు కాదు. నేను కుక్కరు బరువు పట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాను. మీ అమ్మ ఎక్కాలు పెదవులతో చదివింది. గేటుకు తువ్వాళ్ళు కట్టాను. పెట్టెకు చీర కట్టబెట్టాను.

ఇంకొకటి కూడా ఉంది. పెళ్ళిలో పురోహితుడు భార్య స్థానం ఇదమ్మా అని నన్ను ఆయనకు ఎడమ పక్కన కూర్చోబెట్టాడు. నేను ఆ మాట ఎంత శ్రద్ధగా పట్టుకున్నానంటే, వ్రతాల్లోనే కాదు, మంచం మీద, అరుగు మీద, బస్సులో, పెళ్ళి భోజనాల బంతిలో, ఎక్కడైనా ఎడమ పక్కనే. నా గొంతు ఎంతో మీకు తెలుసు. ఆ పక్కన కూర్చుని, ఆ గొంతుతో, ఆ చెవిలో నేను చెప్పుకున్నవి ఎన్నో. దేనికైనా ఆయన ఊఁ అనేవారు. వంటింటికి సున్నం వేయిద్దామా అంటే ఊఁ అన్నారు. వేయించలేదు. మాట ఇచ్చి తప్పారని రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను. ఆయన ఆ రెండు రోజులూ మామూలుగానే ఉన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే, నేను మాట్లాడటం లేదని ఆయనకు తెలిసి ఉండదు.

అన్నీ విన్నారా, కొన్నే విన్నారా, ఏ ఏడు దాకా విన్నారు అని తేల్చుకోవాలని నాకు ఉండేది. ఆయన్ని నొప్పించకుండా అడగడం ఎలాగో తెలియక సంవత్సరాలు దాటేశాను. ఒక రోజు పొద్దున్న ఇద్దరం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. ఆయన మనసు బాగున్నట్టు ఉంది. ధైర్యం చేశాను.

"ఏటండీ, ఆ సెవి ఎప్పట్నుంచి వినిపించట్లేదు మీకు? నాను సీర పెట్టకముందా, పెట్టాకా?"

ఆయన ఒక కాయ ఈనె తీసి పళ్ళెంలో వేసి, "ఊఁ" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. ఎప్పటిలాగే ఎడమ పక్కన కూర్చున్నాను. లేచి అటువైపు వెళ్ళి మళ్ళీ అడగాలి. ఒళ్ళో చిక్కుడుకాయలున్నాయి, ఇవి అయ్యాక అడుగుదాంలే అనుకున్నాను. అవి అయ్యేసరికి ఆయన లేచి పాట పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. తర్వాత మళ్ళీ అడగలేదు, ఇప్పుడు ఏ పక్కన కూర్చోవాలో కూడా తెలియదు. ఆ సగం చీర మాత్రం బీరువాలో ఉంది, ఉతికి మడత పెట్టాను. అది తీసినప్పుడల్లా అదే మాట.

చీరకు ముందా, తర్వాతా?